పుట్టింటి బయట షెనిన్ బ్లాంక్ తన గుణం పోగొట్టుకుంటుందా?

మీరు మూడు సీసాల గురించి అడిగారు. మొదటిది దక్షిణాఫ్రికాలో తయారైనది, నిరుటి పంటది, జామ, అనాస వాసనలు గుప్పుమనే తేలికపాటి తెల్ల వైన్. రెండవది ఫ్రాన్స్‌లోని లువార్ నది లోయలో ఉన్న సవెన్నియేర్ నుంచి వచ్చినది. అందులో తీపి లేశమైనా లేదని, పులుపు నాలుకను కోసినట్లుందని, తడిసిన ఉన్ని వాసన వేసిందని రాశారు. మూడవది అదే లువార్ లోయలోని వూవ్రే నుంచి వచ్చినా అందులో తీపి స్పష్టంగా తెలిసింది. మూడూ షెనిన్ బ్లాంక్ అనే ఒకే ద్రాక్షతో చేసినవైతే ఇంత తేడా ఎందుకుంది, వీటిలో అసలైనది ఏది, పుట్టిన ప్రాంతం వదిలి వెళ్లిన తరువాత ఈ ద్రాక్ష తన గుణం పోగొట్టుకుంటుందా, మీ దగ్గర మిగిలి ఉన్న మరో సవెన్నియేర్ సీసాను ఇప్పుడే తెరవాలా దాచాలా అన్నవి మీ సందేహాలు.

మూడూ అసలైనవే. వాటి మధ్య మీరు గమనించిన తేడాలో దేశానికి ఉన్న వాటా మీరు అనుకున్నంత పెద్దది కాదు. హెక్టారుకు ఎంత కాపు కాయించారు, తీగల వయసు ఎంత, కోత ఏ దశలో జరిగింది, రసాన్ని ఏ ఉష్ణోగ్రత వద్ద పులియబెట్టారు అన్నవి ఈ ద్రాక్ష విషయంలో సీసా మీది దేశం పేరు కంటే ఎక్కువ చెబుతాయి. ద్రాక్ష తోటల వారితో పని చేయడం, వైన్ల రుచి పరీక్షలు నిర్వహించడం నా వృత్తి కాబట్టి ఈ మాటను ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో కొంత వివరంగానే రాస్తాను.

ముందు ద్రాక్ష స్వభావం చూద్దాం. షెనిన్ బ్లాంక్‌కు ఉన్న ప్రధాన బలం దాని ఆమ్లత. ద్రాక్ష పండేకొద్దీ చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. కాయలోని రెండు ముఖ్య ఆమ్లాల్లో మాలిక్ ఆమ్లం వేడి వాతావరణంలో త్వరగా ఖర్చయిపోతుంది, టార్టారిక్ ఆమ్లం మాత్రం చాలావరకు నిలుస్తుంది. అనేక తెల్ల ద్రాక్షల్లో చక్కెర తగినంత చేరేసరికి పులుపు పలచబడి వైన్ చప్పగా తయారవుతుంది. షెనిన్‌లో మొదటి నుంచీ ఆమ్లం దండిగా ఉండటం వల్ల బాగా పండిన తరువాత కూడా వైన్‌ను నిలబెట్టేంత పులుపు మిగులుతుంది. అందుకే దానిని త్వరగా కోసి బుడగల వైన్ చేయవచ్చు, మరి కొన్ని వారాలు ఆగి తీపి లేని వైన్ చేయవచ్చు, ఇంకా ఆగి తేనె వంటి తీపి వైన్ కూడా చేయవచ్చు. చక్కెరను మోయగల పులుపు లేకపోతే తీపి వైన్ వెగటు పుట్టిస్తుంది; షెనిన్‌తో చేసిన మంచి తీపి వైన్లు దశాబ్దాలు గడిచినా తాజాగా అనిపించడానికి కారణం ఆ పులుపే.

రెండో సంగతి వాసనకు సంబంధించినది. మస్కట్ ద్రాక్షలా, గెవుర్జ్‌ట్రామినర్ లా ఇది దూరం నుంచే పోల్చుకోగల ద్రాక్ష కాదు. ఆపిల్, బేరిపండు, క్విన్స్, చామంతి, కొంత వయసు వచ్చాక తేనె, మైనం, ఉన్ని జిడ్డు వంటి వాసనలు దీనిలో కనిపిస్తాయి గాని వాటిలో ఏదీ మిగతావాటిని అణచివేసేంత బలమైనది కాదు. తెల్లటి గుడ్డ ఏ రంగులో ముంచితే ఆ రంగు పట్టుకున్నట్లు, ఈ ద్రాక్ష నేల, వాతావరణం, పులియబెట్టిన తీరు ఇచ్చే గుణాలను ఉన్నదున్నట్లు చూపిస్తుంది. నిర్లక్ష్యాన్ని కూడా అంతే నిజాయితీగా చూపిస్తుంది, ఈ సంగతిని దాని అభిమానులు అంత తరచుగా చెప్పరు. తీగకు సహజంగానే జోరు ఎక్కువ. అదుపు లేకుండా వదిలితే విపరీతంగా కాస్తుంది, అలా కాసిన పంటతో చేసిన వైన్‌లో నీళ్లు, పులుపు తప్ప మరేమీ మిగలదు.

వంశం గురించి ఒక్క మాట. డీఎన్ఏ పరీక్షల ప్రకారం ఇది తూర్పు ఫ్రాన్స్‌లోని జూరా ప్రాంతంలో ప్రసిద్ధమైన సావన్యాఁ ద్రాక్షకు దగ్గరి సంతతి. కోన్యాక్ ప్రాంతంలో పుట్టిన కొలంబార్ ద్రాక్షకు షెనిన్ ఒక తల్లిదండ్రి, మరొకటి గువే బ్లాంక్. ఈ కొలంబార్ దక్షిణాఫ్రికా కథలో మళ్లీ షెనిన్ పక్కనే కనిపిస్తుంది.

ఇక పుట్టిల్లు. లువార్ నది పొడవునా ఉన్న ఆంజూ, తూరేన్ ప్రాంతాలు శతాబ్దాలుగా ఈ ద్రాక్ష స్థావరాలు. అవి దాదాపు 47 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, షెనిన్ పండగలిగే హద్దుకు చాలా దగ్గరగా ఉన్నాయి. ఈ తీగ వసంతంలో త్వరగా చిగురిస్తుంది, శరదృతువులో ఆలస్యంగా పండుతుంది. త్వరగా చిగురించడం వల్ల ఏప్రిల్‌లో కురిసే మంచు చిగుళ్లను మాడ్చే ప్రమాదం ఉంది. 1991లో, మళ్లీ 2016, 2021 సంవత్సరాల్లో ఆ లోయలో ఇదే జరిగింది. ఆలస్యంగా పండటం వల్ల అక్టోబరు వానలు కోతకు అడ్డుపడతాయి. దీనికి తోడు ఒకే గుత్తిలోని కాయలన్నీ ఒకేసారి పండవు. గుత్తి బిగుతుగా, తొక్క పలచగా ఉండటం వల్ల బూజు కూడా సులభంగా పడుతుంది. ఇన్ని చిక్కుల మధ్య పండించేవారు నేర్చుకున్న ఉపాయం ఒకటే: తోటలోకి ఒక్కసారి కాక పలుమార్లు వెళ్లి, ప్రతిసారీ తగిన దశకు వచ్చిన కాయలను మాత్రమే కోసుకోవడం. ఈ పద్ధతి ఖరీదైనది, కూలీల నైపుణ్యం మీద ఆధారపడినది. అయినా లువార్ షెనిన్‌కు ఉన్న వైవిధ్యమంతా ఈ విడతల కోత నుంచే వచ్చిందని నేను భావిస్తాను.

వూవ్రేను తీసుకోండి. తూర్ నగరానికి తూర్పున, నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న ఈ ప్రాంతానికి 1936లో ఫ్రెంచి ప్రభుత్వం నియంత్రిత మూలస్థాన హోదా ఇచ్చింది, అంటే ఆ పేరు అక్కడి నిబంధనల ప్రకారం చేసిన వైన్‌కే చెల్లుతుంది. అక్కడి నేల కింద తూఫో అనే మెత్తటి సున్నపురాయి ఉంది. దానిని తవ్వి కోటలు కట్టారు, తవ్వగా మిగిలిన గుహల్లో వైన్ దాచుకున్నారు. పైన కొన్ని చోట్ల చెకుముకి రాళ్లు కలిసిన బంకమట్టి, మరికొన్ని చోట్ల సున్నం కలిసిన బంకమట్టి ఉంటాయి. ఇక్కడ ఒకే తోట నుంచి, ఒకే ఏడాదిలో, తీపి లేనిది, ఓ మోస్తరు తీపిది, పూర్తి తీపిది, బుడగలున్నది అని రకరకాల వైన్లు తయారవుతాయి. 1928లో మొదలైన యువే అనే ప్రసిద్ధ సంస్థ తన మూడు తోటల పేర్లతో, ఒక్కొక్క తోటకు వేర్వేరు తీపి స్థాయిల్లో, ఇప్పటికీ విడివిడిగా సీసాలు నింపుతుంది. చల్లని ఏడాదుల్లో బుడగల వైన్, తీపి లేని వైన్ ఎక్కువగా, ఎండ బాగా కాసిన ఏడాదుల్లో తీపి వైన్ ఎక్కువగా చేస్తారు. 1947, 1989, 1990 సంవత్సరాల తీపి వూవ్రేలకు ఉన్న కీర్తి ఇలా వచ్చినదే. మొత్తం మీద వూవ్రే ఉత్పత్తిలో సగానికి పైగా బుడగల వైన్ అన్న సంగతి బయటి దేశాల వారికి అంతగా తెలియదు.

మీ మూడవ సీసాలో తీపి ఎందుకు ఉందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అది లోపం కాదు, పొరపాటున మిగిలిన చక్కెరా కాదు. సీసా మీద 'సెక్' అని ఉంటే తీపి లేనిదని, 'దమి సెక్' అని ఉంటే ఓ మోస్తరు తీపిదని, 'మొయెల్లో' అని ఉంటే బాగా తీపిదని గ్రహించాలి. అయితే ఈ పదాల వెనుక ఉన్న కొలతలు కూడా పులుపుతో ముడిపడినవే. ఐరోపా నిబంధనల ప్రకారం లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉన్న వైన్‌ను తీపి లేనిది అనవచ్చు. ఆమ్లత చక్కెర కంటే 2 గ్రాములకు మించి తక్కువ కాకుండా ఉంటే 9 గ్రాముల దాకా కూడా అలాగే పిలవవచ్చు. అంటే కాగితం మీద 8 గ్రాముల చక్కెర ఉన్న వూవ్రే నోటికి పూర్తిగా తీపి లేనట్లు అనిపించవచ్చు. పులుపు తక్కువైన మరో ద్రాక్షలో అదే 8 గ్రాములు బెల్లం కలిపినట్లు తెలుస్తాయి. అంకె ఒక్కటే చూసి తీపిని అంచనా వేయడం షెనిన్ దగ్గర పనికిరాదు.

నది వెంట పడమటికి, ఆంజూ వైపు వెళితే నేల మారుతుంది. సున్నపురాయి స్థానంలో నల్లటి షిస్ట్ రాయి, కొన్ని చోట్ల అగ్నిపర్వతపు రాళ్లు వస్తాయి. సవెన్నియేర్ ఇక్కడిదే. అక్కడి వైన్లు సాధారణంగా తీపి లేనివి, దిట్టమైనవి, చిన్న వయసులో మూసుకుపోయినట్లుండేవి. దాని లోపలే దాదాపు 7 హెక్టార్ల కూలే ద సెరాఁ అనే తోటకు విడిగా హోదా ఉంది. దాని యజమాని నికొలా జోలీ బయోడైనమిక్ సేద్యానికి (రసాయనాలు వాడకుండా, చంద్రుడి, గ్రహాల గతులను బట్టి చేసే సేద్యానికి) ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చినవారిలో ఒకరు. ఆ తోట వైన్ల మీద నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. ఒక ఏడాది వైన్ అద్భుతంగా, మరుసటి ఏడాదిది అలసిపోయినట్లు ఉండటం కద్దు. నది దాటి దక్షిణానికి వస్తే లేయాన్ అనే చిన్న ఉపనది లోయ ఉంది. శరదృతువు ఉదయాల్లో ఆ ఏటి మీద పొగమంచు కమ్ముతుంది, మధ్యాహ్నానికి ఎండ వస్తుంది, ఆ తడిపొడి వాతావరణంలో బోట్రిటిస్ అనే బూజు పండిన కాయల తొక్కకు సన్నటి రంధ్రాలు చేసి నీటిని ఆవిరి చేస్తుంది. అలా ముడుచుకుపోయిన కాయల రసంతో చేసే కార్ ద షోమ్ వైన్‌కు 2011లో లువార్ లోయలో తొలి గ్రాఁ క్రూ (అత్యున్నత శ్రేణి) హోదా దక్కింది. అక్కడ హెక్టారుకు గరిష్ఠ దిగుబడి 2000 లీటర్లు. వూవ్రేలో బుడగలు లేని వైన్‌కు 5200 లీటర్ల దాకా అనుమతి ఉంది.

ఇంతవరకు చదివి, లువార్‌లో అంతా శ్రేష్ఠమే అనుకోవద్దు. పుట్టింటిలోనే ఈ ద్రాక్షకు అన్యాయం జరిగిన కాలం చాలా పెద్దది. పండక ముందే యంత్రాలతో కోసి, చాలని చక్కెరను బయటి నుంచి కలిపి, మిగిలిన తీపి మళ్లీ పులియకుండా గంధకాన్ని భారీగా దట్టించి అమ్మిన వైన్లు ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో ఆ లోయ నుంచి కొల్లలుగా వచ్చాయి. తడి ఉన్ని వాసన షెనిన్ సహజ లక్షణమని పుస్తకాలన్నీ రాస్తాయి. అందులో నిజం ఉంది, కాని నేను రుచి చూసిన పాత సీసాల్లో ఆ వాసనలో కొంత భాగం ద్రాక్షది, కొంత భాగం గంధకానిది. ఈ తరం ఉత్పత్తిదారులు గంధకం తగ్గించి, కాయను పూర్తిగా పండనిచ్చి కోసిన తరువాత ఉన్ని వెనక్కి తగ్గి పండు ముందుకు వచ్చింది. కనుక పుట్టిన ప్రాంతమే నాణ్యతకు హామీ అనే వాదన లువార్ చరిత్ర ముందే నిలవదు.

దక్షిణాఫ్రికా సంగతి ఇంకా ఆసక్తికరమైనది. అక్కడ కేప్ ప్రాంతంలో డచ్చివారు 1655లో మొదటి ద్రాక్ష తీగలు నాటారు, 1659 ఫిబ్రవరి 2న మొదటి వైన్ తీసినట్లు ఆ స్థావరం అధిపతి యాన్ వాన్ రీబీక్ తన దినచర్యలో రాసుకున్నాడు. షెనిన్ కూడా తొలినాళ్లలోనే అక్కడికి చేరిందని భావిస్తారు. అయితే ఆ తీగను అక్కడివారు స్టీన్ అని పిలిచేవారు, అది ఏ ద్రాక్షో వారికి తెలియదు. 1960లలో స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సి.జె. ఓర్ఫర్ ఆకులను, గుత్తులను పోల్చి చూసి స్టీన్, షెనిన్ బ్లాంక్ ఒకటేనని నిర్ధారించాడు. ఈ రోజున దక్షిణాఫ్రికాలో అన్నిటికంటే ఎక్కువ విస్తీర్ణంలో ఉన్న వైన్ ద్రాక్ష ఇదే; అక్కడ ఉన్నంత షెనిన్ ఫ్రాన్స్‌లో కూడా లేదు. మూడు శతాబ్దాలు ఒక నేల మీద పెరిగిన తీగను ఇంకా పరాయి చోట ఉన్నదిగా లెక్కించడం ఎంతవరకు సబబో మీరే ఆలోచించండి.

అయినా ఆ మూడు శతాబ్దాల్లో ఎక్కువ కాలం దానికి గౌరవం దక్కలేదు. 1918లో ఏర్పడిన కేడబ్ల్యూవీ అనే సహకార సంస్థ కనీస ధర నిర్ణయించి, మిగులు వైన్‌ను కొని బట్టీలో కాచి సారా తీయించేది. రైతుకు పంట అమ్ముడుపోతుందన్న భరోసా ఉన్నప్పుడు ఎక్కువ కాయించడమే లాభం; విపరీతంగా కాసి, పులుపు నిలుపుకొనే షెనిన్ ఆ లెక్కకు సరిగ్గా సరిపోయింది. కొలంబార్‌తో కలిసి అది బ్రాందీకి ముడిసరుకైంది. 1950లలో చల్లటి తొట్లలో పులియబెట్టే జర్మన్ పరిజ్ఞానం కేప్‌కు వచ్చిన తరువాత చవకైన, తాజా, కొద్దిగా తీపి వైన్లు చేయడం సాధ్యమైంది. 1959లో విడుదలైన లీబర్‌స్టైన్ అనే ఓ మోస్తరు తీపి వైన్ ప్రధానంగా షెనిన్, క్లెరెట్ బ్లాంష్ ద్రాక్షలతో చేసినది. 1964లో దాని అమ్మకాలు 3.1 కోట్ల లీటర్లకు చేరాయి, ఆనాడు ప్రపంచంలో సీసాల్లో అంతగా అమ్ముడైన వైన్ మరొకటి లేదు. ఆ విజయమే ద్రాక్ష పేరుకు మచ్చ కూడా తెచ్చింది. 1990ల మొదట్లో జాతివివక్ష పాలన మీద విధించిన ఆంక్షలు తొలగి ఎగుమతులు తెరుచుకున్నప్పుడు విదేశీ కొనుగోలుదారులు షార్డొనే, సోవిన్యాఁ బ్లాంక్, ఎర్ర వైన్లు అడిగారు. కేప్ తోటల్లో దాదాపు మూడో వంతు ఉన్న షెనిన్‌ను వేల హెక్టార్లలో పెరికివేశారు.

అదే దేశంలో అదే కాలంలో ఈ ద్రాక్ష మరో ముఖాన్ని చూపినవారు లేకపోలేదు. నెడర్‌బర్గ్ సంస్థలో గుంటర్ బ్రోజెల్ 1969లో బోట్రిటిస్ పట్టిన షెనిన్‌తో ఎడెల్‌క్యూర్ అనే తీపి వైన్ చేశాడు. సిమోన్సిగ్ సంస్థకు చెందిన ఫ్రాన్స్ మలాన్ 1971 పంటతో సీసాలో రెండోసారి పులియబెట్టే పద్ధతిన ఆ దేశపు తొలి బుడగల వైన్ చేసినప్పుడు వాడినది కూడా షెనినే. అంటే వూవ్రేలో, లేయాన్‌లో శతాబ్దాలుగా జరుగుతున్నది కేప్‌లోనూ సాధ్యమేనని యాభై ఏళ్ల కిందటే రుజువైంది. కొరత వచ్చింది సంకల్పానికే గాని ద్రాక్షకు కాదు.

పెరికివేత నుంచి తప్పించుకున్న తోటలే ఇప్పుడు కేప్ షెనిన్‌కు కొత్త గౌరవం తెచ్చాయి. కేప్‌లోని స్వార్ట్‌లాండ్ ప్రాంతంలో, ముఖ్యంగా పార్డెబర్గ్ కొండ చుట్టూ, శిథిలమైన గ్రానైట్ నేలల్లో, పందిరి గాని ఇనుప తీగల ఆధారం గాని లేకుండా పొదలుగా పెంచిన, నీరు పెట్టని పాత తోటలు అనేకం మిగిలాయి. వాటి దిగుబడి ఎంత తక్కువంటే వాటిని పెరికించడానికయ్యే ఖర్చు కూడా దండగని వదిలేసిన సందర్భాలున్నాయి. రోజా క్రూగర్ అనే తోటల నిపుణురాలు 2002 నుంచి ఇటువంటి తోటలను వెతికి జాబితా చేయడం మొదలుపెట్టారు. 2016లో ఆ పని ఓల్డ్ వైన్ ప్రాజెక్ట్ అనే సంస్థగా రూపుదాల్చింది. 35 ఏళ్లు, అంతకు పైబడిన తోటల నుంచి వచ్చిన వైన్ సీసా మీద తోట నాటిన సంవత్సరంతో కూడిన ముద్ర వేసే ఏర్పాటు వారిది. ఆ జాబితాలో షెనిన్‌దే పెద్ద వాటా. ఎబెన్ సేడీ, ములినో దంపతులు, ఆల్‌హైట్ దంపతులు వంటి వైన్ తయారీదారులు ఆ తోటల కాయతో చేసిన వైన్లు ఇప్పుడు పేరున్న సవెన్నియేర్‌ల సరసన నిలుస్తున్నాయి. కొన్నిటిని నేను వాటికంటే ఇష్టపడతాను, కారణం కూడా చెప్పగలను: లువార్‌లో పులుపు ముందు వచ్చి పండు తరువాత వస్తుంది, పాత కేప్ తోటల్లో పండు, పులుపు, ఒకరకమైన ఉప్పదనం ఒకేసారి అందుతాయి.

33, 34 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీది వేడిలో ఇది ఎలా సాధ్యమని మీరు అడగవచ్చు. కొంత సమాధానం ద్రాక్ష ఆమ్లతలోనే ఉంది. కొంత అట్లాంటిక్ నుంచి వీచే చల్లగాలిలో ఉంది; బెంగ్వేలా శీతల ప్రవాహం వల్ల ఆ తీరపు సముద్రం అక్షాంశానికి తగిన వెచ్చదనం లేనిది. మిగిలినది పాత తీగ లోతైన వేళ్లలో, తక్కువ కాపులో ఉంది. పది గుత్తులు మోసే తీగకు, యాభై గుత్తులు మోసే తీగకు అందే ఎండ ఒకటే అయినా పండే వేళ ఒకటి కాదు. తక్కువ కాపున్న తీగ చక్కెర మరీ పెరగక ముందే రుచిలో పక్వానికి వస్తుంది, అప్పటికి పులుపు ఇంకా మిగిలే ఉంటుంది. కేప్‌లో జనవరి చివర నుంచే కోత మొదలుపెట్టగలగడం కూడా ఉపకరిస్తుంది. కాపు ఎక్కువున్న చోట పులుపు చాలకపోతే టార్టారిక్ ఆమ్లం కలుపుతారు. ఇది నిబంధనలు అనుమతించే మామూలు పనే. కాని చేయి కాస్త ఎక్కువైతే వైన్ చివర్లో పులుపు విడిగా, గట్టిగా తగులుతుంది.

మీ మొదటి సీసాలోని జామ, అనాస వాసనలు చాలావరకు కేప్ నేలవి కావని నా ఉద్దేశం. ద్రాక్షరసాన్ని బాగా తేర్చి, 12 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఎంపిక చేసిన ఈస్ట్‌తో స్టీలు తొట్లలో నెమ్మదిగా పులియబెడితే ఎస్టర్లు అనే సుగంధ పదార్థాలు విరివిగా పుడతాయి. అరటి, అనాస, బేరి మిఠాయి వాసనలు వాటివే. జామ, పాషన్ ఫ్రూట్ వంటి వాసనలకు థయోల్స్ అనే గంధక సమ్మేళనాలు కారణం. సోవిన్యాఁ బ్లాంక్‌లో ప్రసిద్ధమైన ఈ సమ్మేళనాలను కేప్ షెనిన్‌లో కూడా పరిశోధకులు గుర్తించారు. అదే పద్ధతి లువార్‌లో అనుసరించినా దాదాపు అదే తరహా వాసనలు వస్తాయి. ఎస్టర్ల ఆయుష్షు తక్కువ. ఏడాది, ఏడాదిన్నరలో తరిగిపోతాయి. అందుకని అటువంటి వైన్‌ను దాచడంలో అర్థం లేదు, కొన్న ఏడాదే తాగడం మంచిది. పాత ఓక్ పీపాల్లో, సహజ ఈస్ట్‌తో, అడుగున చేరిన మడ్డి మీదే నెలల తరబడి ఉంచిన కేప్ షెనిన్ పూర్తిగా వేరు. దానిలో జామ వాసన వెతికినా దొరకదు. కొత్త ఓక్ పీపాలు ఎక్కువగా వాడిన సీసాలు కూడా ఉన్నాయి. 2000 తరువాత కొన్నాళ్లు కేప్‌లో అదొక మోజుగా నడిచింది. మృదువైన వాసన గల ద్రాక్షను వనిల్లాతో కప్పేయడం తప్ప దానివల్ల నాకు ఏ ప్రయోజనమూ కనిపించలేదు.

మిగతా దేశాల గురించి క్లుప్తంగా చెబుతాను. కాలిఫోర్నియా మధ్య లోయలో ఒకప్పుడు షెనిన్ విస్తారంగా ఉండేది, పెద్ద కూజాల్లో అమ్మే చవక వైన్లకు అది ఆధారం. ఆ విస్తీర్ణం ఇప్పుడు బాగా కుంచించుకుపోయింది. శాక్రమెంటో నది డెల్టాలోని క్లార్క్స్‌బర్గ్ మాత్రం రాత్రిపూట వచ్చే చల్లగాలి వల్ల నిజంగా మంచి షెనిన్ ఇస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ లోయలో జాక్ మాన్ 1937లో షెనిన్ ప్రధానంగా చేసిన వైన్‌ను హౌటన్ సంస్థ వైట్ బర్గండీ పేరుతో దశాబ్దాలు అమ్మింది. బర్గండీతో దానికి ఏ సంబంధమూ లేదు. న్యూజిలాండ్‌లో గిస్‌బర్న్ వద్ద మిల్టన్ వారు చేసే షెనిన్ అక్కడి మిగతా తెల్ల వైన్ల మధ్య ప్రత్యేకంగా నిలుస్తుంది. భారతదేశంలో నాసిక్ ప్రాంతంలోను, థాయిలాండ్‌లోని ఖావో యాయ్ కొండల్లోను కూడా ఈ తీగ ఉంది. ఉష్ణమండలంలో తీగ శీతకాలపు నిద్రలోకి పోదు కాబట్టి అక్కడ ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఒక్క పంటనే చల్లటి పొడి నెలల్లోకి మళ్లించి పండిస్తారు. ఆ వైన్లలో చాలావరకు మీ మొదటి సీసా తరహావి. వేడిలో పులుపు నిలుపుకోగల శక్తి లేకపోతే ఆ అక్షాంశాల్లో ఈ ద్రాక్షను ఎవరూ ఎంచుకునేవారు కాదు.

కాబట్టి కొనేటప్పుడు దేశం పేరుతో ఆగకండి. దక్షిణాఫ్రికా సీసా అయితే ప్రాంతం ఎంత కచ్చితంగా రాశారో చూడండి. వెస్టర్న్ కేప్ అని మాత్రమే ఉంటే అనేక చోట్ల కాయ కలిపినదని, స్వార్ట్‌లాండ్ అనో, స్టెలెన్‌బాష్ అనో, ఒక తోట పేరో ఉంటే కొంత జాగ్రత్తతో చేసినదని అనుకోవచ్చు. పాత తోట ముద్ర ఉంటే మరీ మంచిది. అయితే తీగ వయసు ఒక్కటే నాణ్యత కాదు. ముసలి తీగలకు వైరస్ తెగులు సోకి, కాయ సరిగా పండని తోటలు కూడా ఉన్నాయి. లువార్ సీసా అయితే తీపి సూచించే పదం, ఉత్పత్తిదారు పేరు, పంట సంవత్సరం ఈ మూడూ చూడాలి. అక్కడ ఏడాదికీ ఏడాదికీ తేడా ఎక్కువ. కేప్‌లో ఆ తేడా తక్కువ కాబట్టి ఉత్పత్తిదారు పేరు ఒక్కటి చాలు. దమి సెక్ వైన్‌ను చాలామంది తీపి వైన్‌గా భావించి పక్కన పెడతారు; కారం గల వంటకాలతో, ఉప్పు ఎక్కువున్న చీజ్‌తో తీపి లేని వైన్ కంటే అదే బాగా ఇముడుతుంది. దానిలోని తీపి వయసుతో పాటు నోటికి తగ్గినట్లు తెలుస్తుంది, నిజానికి చక్కెర ఎక్కడికీ పోదు.

చివరిగా మీ రెండో సవెన్నియేర్ సీసా. పంట ఏడాది మీరు రాయలేదు. మీరు తెరిచిన సవెన్నియేర్ రుచి గురించి చెప్పినదాన్ని బట్టి ఇదీ నాలుగైదు ఏళ్ల లోపుదని నా ఊహ. ఆ వయసులో సవెన్నియేర్ తరచూ అలాగే ముడుచుకుని ఉంటుంది. చల్లటి, చీకటి చోట, ఉష్ణోగ్రత ఎగుడుదిగుడులు లేకుండా పడుకోబెట్టి ఉంచగలిగితే పంట ఏడాది నుంచి ఎనిమిది, పదేళ్ల దాకా ఆగండి. పులుపు తగ్గదు గాని దాని చుట్టూ తేనె, మైనం, ఎండిన పండ్ల రుచులు చేరి అది కోసినట్లు అనిపించదు. అటువంటి చోటు లేకపోతే దాచడం వల్ల నష్టమే, ఇప్పుడే తాగండి. ఏ పక్షంలోనైనా ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే పోయకండి. చలి ఎక్కువైనప్పుడు పులుపు పదును పెరిగి వాసన అణగిపోతుంది. వెడల్పాటి గాజుపాత్రలోకి వంపి గంటసేపు వదిలి, 12 డిగ్రీల దగ్గర గ్లాసులో పోసి, సగం ఆ పూట తాగి, బిరడా బిగించిన మిగతా సగాన్ని మరునాడు రుచి చూడండి. సాధారణంగా రెండో రోజు వైనే మేలుగా ఉంటుంది. అప్పటికి ఆపిల్ కోసి గాలికి వదిలినట్టి వాసన, గోధుమ రంగు వచ్చి ఉంటే మాత్రం సీసా ఆక్సీకరణకు లోనైందని అర్థం. దానిని ఇక దాచి ప్రయోజనం లేదు.